బీమా తీర్చని నష్టాలను ముందే ఆపుకోవడం ఎలా?

అనంతపురం జిల్లాలో ఏ పల్లెకు వెళ్లి అడిగినా కరువు గురించి, పంట నష్టం గురించి వివరంగా చెబుతారు. అదే మనుషులను పోయిన ఏడాది మోటారు ఎన్నిసార్లు కాలింది, మిద్దె ఉరిసి ఏమేమి తడిశాయి, విత్తనానికి దాచిన వేరుశనగ కాయల్లో ఎంత పురుగు పట్టింది అని అడిగితే వెంటనే జవాబు రాదు. విడివిడిగా చూస్తే చిన్నవి కాబట్టి వీటిని ఎవరూ నష్టాలుగా లెక్కించరు, ఖర్చుల్లో కలిపేసుకుంటారు. పైగా ఏదో ఒక పాలసీ కట్టి ఉన్నాం కదా అన్న భరోసా ఒకటి మనసులో ఉంటుంది. ఈ చిన్న నష్టాలను బీమా దాదాపుగా తీర్చదు. వీటిలో చాలావాటికి ఒక లక్షణం ఉంది: నష్టం జరగడానికి కొన్ని రోజుల ముందో, కొన్ని నెలల ముందో ఒక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తును ఎవరు, ఎప్పుడు, ఎలా చూడాలో ఇంట్లో ఏర్పాటు చేసుకోవడమే ఇక్కడ చెప్పదలచుకున్న పని.

మొదటి పని: మీ పాలసీ ఏమి ఇవ్వదో చదవండి

పాలసీ కాగితాల్లో ఏమి ఇస్తారో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏమి ఇవ్వరో చెప్పే మినహాయింపుల పేజీని తీరిగ్గా కూర్చుని చదవండి, అర్థం కాని చోట ఏజెంటును అడిగి చెప్పించుకోండి. ఇంటి బీమానే తీసుకుందాం. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా ఇంటి పాలసీ అమల్లోకి వచ్చింది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద వంటి వాటికి అది మంచి రక్షణే. అయితే ఓల్టేజీ పెరిగో, లోపల షార్టయ్యో ఫ్రిజ్ దానంతట అది కాలిపోతే, కాలిన ఆ వస్తువుకు పరిహారం రాదు. దొంగతనానికి వర్తించేది కూడా, వరద వంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల లోపల, ఆ ప్రమాదం కారణంగా జరిగిన దొంగతనానికి మాత్రమే. మీరు తిరుపతి వెళ్లినప్పుడు తాళం పగలగొడితే ఆ పాలసీ పలకదు, దానికి వేరే పాలసీ కావాలి.

బండి బీమాలో సంగతి ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకూ టైర్లు, ట్యూబులు, బ్యాటరీకీ విలువలో 50 శాతం తరుగు కింద తీసేస్తారు. స్కూటరు కింద పడితే పగిలేవి ఎక్కువగా ప్లాస్టిక్ భాగాలే కాబట్టి బిల్లులో సగం దాకా మీరే కట్టుకోవలసి వస్తుంది. అంతటితో అయిపోదు. క్లెయిము లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, వరుసగా ఐదేళ్లు గడిస్తే 50 శాతం దాకా సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. చిన్న గీతకు క్లెయిము పెడితే ఆ తగ్గింపు పోయి మళ్లీ మొదటికి వస్తారు.

పంటల బీమాలో నష్టాన్ని లెక్కించేది ఎక్కువగా ఒక గ్రామాన్నో, మండలాన్నో ప్రాతిపదికగా తీసుకుని. వాతావరణ ఆధారిత బీమా అయితే నిర్ణీత వాతావరణ కేంద్రంలో నమోదైన వానను చూస్తారు. మీ చేను ఒక్కటే ఎండితే, లేదా ఇంట్లో నిల్వ గూట్లో పెట్టిన కాయలకు పురుగు పడితే ఆ లెక్కలోకి రాదు. బ్యాంకు మోసాల సంగతీ ఇంతే. ఖాతాదారు స్వయంగా ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకుంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదేనని రిజర్వు బ్యాంకు 2017 నాటి ఆదేశాల్లో ఉంది.

ఇదంతా చదివాక బీమా వద్దనుకోవడం పొరపాటు. ఏది బీమా పని, ఏది మన పని అన్నది తేలుతుంది, అంతే.

రెండో పని: నష్టాల పుస్తకం పెట్టండి

ఒక చిన్న నోటుపుస్తకం కొని అయిదు గడులు గీయండి: తేదీ, ఏమి పోయింది, ఎంత పోయింది, ఎందుకు పోయింది, ముందు కనిపించిన గుర్తు ఏమిటి. చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. మోటారు కాలిన రోజున రైతును నిదానంగా అడిగితే, వారం ముందు నుంచే స్టార్టరు మాటిమాటికీ పడిపోతోందని చెబుతాడు. గోడ చెమ్మెక్కిన ఇల్లాలిని అడిగితే, పోయిన వానాకాలంలోనే ఆ మూలన పచ్చగా పాచి పట్టిందని గుర్తు చేసుకుంటుంది. నష్టం జరిగిన రోజే ఆ సంగతి రాసిపెట్టాలి, నెల గడిస్తే మరచిపోతాం. పాడైపోయి పారబోసిన పాలు, ఎలుకలు కొరికిన సంచి, ఆలస్యంగా కట్టినందుకు పడిన జరిమానా, అన్నీ రాయండి. ఎవరి తప్పో రాయకండి. తప్పులు రాయడం మొదలుపెడితే ఇంట్లో ఎవరూ నిజం చెప్పరు, పుస్తకం ఆగిపోతుంది.

రెండు మూడు నెలలు గడిచేసరికి మళ్లీ మళ్లీ వచ్చే నష్టం ఏదో బయటపడుతుంది. ముందు దాన్ని పట్టుకోండి. ఈ ప్రాంతంలో బోరు ఉన్న ఇళ్లలో అది చాలావరకు కరెంటు దగ్గర తేలుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూడో పని: కరెంటును కట్టడి చేయండి

బోరు దగ్గరికి వెళ్లి, మెయిన్ ఆపేసి, స్టార్టరు పెట్టె తలుపు తెరిచి చూడండి. వైరు బిగించిన చోట ప్లాస్టిక్ తొడుగు గోధుమరంగుకు తిరిగి ఉంటే అక్కడ స్క్రూ వదులైందన్నమాట. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి రాగి నల్లబడుతుంది, మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో ఆ ఒక్కటి అప్పుడప్పుడూ అందకుండా పోతుంది, మోటారు మిగిలిన రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరిగి కాలుతుంది. కాంటాక్టుల మధ్య చచ్చిన బల్లి, చీమల పుట్టమన్ను, కందిరీగల మట్టిగూడు కూడా తరచూ కనిపిస్తాయి. పెట్టె అడుగున వైర్లు దూరే రంధ్రాలను మూసి, తలుపు సరిగా పడేలా చేస్తే ఇవి లోపలికి రావు. ఈ తనిఖీకి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకోవడమే మేలు. అతని కూలి, కాలిన మోటారుకు తీగ మళ్లీ చుట్టించే రీవైండింగు ఖర్చుతో పోలిస్తే లెక్కలోది కాదు.

పెట్టె మీద ఆంపియర్ మీటరు ఉంటే, మోటారు బాగా నీళ్లు పోస్తున్న రోజున ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, ఆ అంకెను తలుపు లోపలి వైపు పెయింటుతో రాయండి. తర్వాత ఎప్పుడైనా ముల్లు అంతకంటే పైకి పోతుంటే ఓల్టేజీ పడిపోయిందో, బేరింగు పట్టేస్తోందో, బోరులో ఇసుక వస్తోందో చూసుకోవాలి. కిందికి పోతుంటే బోరులో నీళ్లు తగ్గుతున్నాయని గ్రహించాలి. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే కాబట్టి నీళ్లు అందని బోరులో అది తిరిగే ప్రతి నిమిషమూ ప్రమాదమే. ఎండాకాలంలో బోర్లు వట్టిపోయే మన నేలల్లో నీళ్లు అందకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ రక్షణ, ఫేజు పోతే ఆపేసే ప్రివెంటరు ఉన్న స్టార్టరు తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే అనే చిన్న భాగం ఉంటుంది. మోటారు మీది రేకుపై రాసిన ఆంపియర్ల కంటే ఎక్కువ లాగినప్పుడు అది స్టార్టరును పడగొట్టి మోటారును కాపాడుతుంది. మాటిమాటికీ పడిపోతోందని విసిగి, మెకానిక్ చేత ఆ మరను పైఅంకెకు తిప్పించుకోవడం ఊళ్లలో మామూలైపోయింది. దానితో స్టార్టరు పడిపోవడం ఆగుతుంది, కొద్ది రోజులకు మోటారే కాలుతుంది. రిలే పడిపోవడం అనేది గుర్తు. ఆ గుర్తును నోరు మూయించకుండా, అది ఎందుకు పడుతోందో వెతకండి.

ఆటోస్టార్టరు వాడే వారు ఇంకో సంగతి గమనించాలి. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఓల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరుకూ మోటార్లకూ రెంటికీ ముప్పు. పక్క రైతులతో మాట్లాడుకుని కొందరు అయిదు నిమిషాలు, కొందరు పది నిమిషాలు ఆగి వేసుకునే ఏర్పాటు చేసుకోండి, అందరూ కెపాసిటర్లు బిగించుకోండి. కెపాసిటరు ఒక్కరే పెట్టుకుంటే ఫలితం తక్కువగా కనిపిస్తుంది, లైను మీద ఉన్న వారంతా పెట్టుకుంటే ఓల్టేజీ నిలబడుతుంది. ఫ్యూజు పోయినప్పుడు మాత్రం ట్రాన్స్‌ఫార్మరు మీద చేయి వేయకండి. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేవరకు ఆగండి. ఒక పూట తడి ఆగితే పంట చావదు.

ఇంటి లోపల మూడు విషయాలు చాలు. ప్లగ్గు తీసినప్పుడు దాని కాళ్లు వేడిగా ఉన్నా, సాకెట్టు చుట్టూ మసి ఉన్నా ఆ సాకెట్టును మార్పించండి. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే దాని మీది టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడండి, లేకపోతే బిగించుకోండి, అది ప్రాణాలు కాపాడే వస్తువు. లైట్లు ఉన్నట్టుండి మామూలు కంటే బాగా ఎక్కువ వెలిగితే న్యూట్రల్ వైరు తెగిందని అనుమానించి క్షణం ఆలస్యం చేయకుండా మెయిన్ ఆపేయండి. టీవీలు, ఫ్రిజ్‌లు ఇల్లంతా ఒకేసారి కాలేది ఇలాంటప్పుడే.

లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తు గొయ్యి గురించి కూడా చెప్పాలి. భూమి తడిగా ఉన్నంతవరకే ఎర్తు సరిగా పనిచేస్తుంది. ఫిబ్రవరి దాటితే నేల నోరు తెరిచే ఈ జిల్లాల్లో ఎర్తు గొయ్యి పూర్తిగా ఎండిపోతుంది. ఎండాకాలమంతా వారానికి ఒకటి రెండుసార్లు అందులో బిందెడు నీళ్లు పోయండి. కొత్తగా వేయించేటప్పుడు బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, నీళ్లు పోయడానికి గొట్టం పెట్టించుకోండి.

నాలుగో పని: ఒబ్బిడి చేసిన పంటను గూట్లో పోగొట్టుకోకండి

వేరుశనగ చేలో వాన చేతిలో ఉంటుంది, ఇంటికి వచ్చాక మన చేతిలో ఉంటుంది. నష్టం మొదలయ్యేది పీకే రోజుననే. నాలుగైదు చోట్ల చెట్లు పీకి కాయలు ఒలిచి చూడండి. తొక్క లోపలి వైపు తెల్లగా ఉంటే కాయ ఇంకా ముదరలేదు, ఎక్కువ కాయల్లో లోపల నల్లటి, గోధుమ రంగు మచ్చలు పడితే ముదిరినట్టు. ముదిరాక ఆలస్యం చేస్తే కాయను చెట్టుకు పట్టి ఉంచే ఊడలు బలహీనపడి కాయలు మట్టిలోనే ఉండిపోతాయి.

ఆరబెట్టడంలో తొందరపడితే మొత్తం కష్టం వృథా అవుతుంది. నిల్వ చేసే కాయలో తేమ 8, 9 శాతానికి మించకూడదు. కొలిచే యంత్రం అందరి దగ్గరా ఉండదు కాబట్టి గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఊపండి, లోపల గింజ గలగలమనాలి. గింజను బొటనవేలుతో రుద్దితే ఎర్రటి పొట్టు తేలిగ్గా ఊడాలి. గింజను విరిస్తే మెత్తగా వంగకుండా పటుక్కున తునగాలి. ఈ మూడు పరీక్షలూ రాశి పైనుంచి తీసిన కాయలతో చేసి మురిసిపోకండి, మధ్యలోకి చేయి పెట్టి అడుగున ఉన్న కాయలు తీసి చేయండి. విత్తనానికి ఉంచే కాయలను మాత్రం మిట్టమధ్యాహ్నం కాలే సిమెంటు కళ్లంలో పరచకండి, మొలక శాతం పడిపోతుంది. ఉదయం, సాయంత్రపు ఎండలోనో, గాలి ఆడే నీడలోనో ఎండనివ్వండి.

తేమ మిగిలిన కాయలకు బూజు పడుతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే ఆ బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. పంట చివరి దశలో బెట్ట తగిలిన చేలల్లో ఆ బూజు కాయ భూమిలో ఉండగానే సోకుతుంది కనుక అనంతపురం ప్రాంతానికి ఈ జాగ్రత్త మరీ అవసరం. వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, పగిలినవి వేరుచేసి పారేయండి. పనికిరానివి కదా అని పశువులకు పెట్టకండి, పాడిపశువు తింటే విషం పాలల్లోకి వస్తుంది. నాలుగు చేటల చెడుకాయలను బస్తాలో కలిపితే మండీలో ఆ బస్తా మొత్తం ధర పడుతుంది, తిన్నవారి ఆరోగ్యం అంతకంటే ఎక్కువగా చెడుతుంది.

పురుగు సంగతి. కాయ తొలుచు పురుగు కళ్లంలో ఆరేటప్పుడే తొక్క మీద గుడ్లు పెడుతుంది, బయటికి వచ్చేటప్పుడు తొక్కకు గుండ్రటి రంధ్రం చేస్తుంది. రంధ్రాలు కనిపించేసరికి ఆలస్యమైనట్టే, కాబట్టి సంచి అడుగున, కుట్టుల దగ్గర పల్చటి కాగితం లాంటి గూళ్లు ఉన్నాయేమో పదిహేను రోజులకోసారి చూడండి. పాత గోనె సంచులను ఎండలో బాగా ఎండబెట్టి, దులిపి వాడండి. బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగున్నర ఎడంగా పెట్టండి. గాలి చొరని మూడు పొరల సంచుల్లో, బాగా ఎండిన కాయలు నింపి మూతి బిగిస్తే లోపలి పురుగు గాలి అందక చస్తుంది. తడి కాయలను అందులో వేస్తే మాత్రం ఉన్నదీ పోతుంది. విత్తనాన్ని కాయల రూపంలోనే నిల్వ చేసి, విత్తే ముందే వలవండి.

కర్నూలు వైపు ఉల్లి పండించే వారికి సూత్రం వేరు. ఉల్లికి గాలి కావాలి. పైపొర గలగలలాడేలా ఆరనిచ్చి, మెడను కొద్దిగా ఉంచి కోసి, కింద నుంచీ గాలి తగిలేలా తడికల మీద పల్చగా పోయాలి. మొలకెత్తిన గడ్డ, మెత్తబడిన గడ్డ కనిపించిన రోజే ఏరివేయాలి.

అయిదో పని: మృగశిరకు ముందే మిద్దె ఎక్కండి

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. దానికి ముందు ఒక ఆదివారం మిద్దె మీదికి వెళ్లండి. నీళ్లు దిగే తూములో వేపాకు, పాత గుడ్డ, పిట్టగూడు ఇరుక్కుని ఉంటాయి, తీసేయండి. నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. నిలిచిన చోటే రేపు ఉరుస్తుంది. పిట్టగోడ సందుల్లో రావి మొక్క మొలిచి ఉంటే వేలెడంత ఉండగానే వేరుతో సహా తీసేయాలి, మోచేతి పొడవు పెరిగాక గోడను చీల్చకుండా తీయలేరు. కడప బండలు పరిచిన మిద్దె అయితే బండల మధ్య సందులను ఒక్కొక్కటిగా చూసి పూడ్పించండి. పాత మట్టిమిద్దెలకు ఏటా కొత్త చౌడు వేసి అణచడం మన పెద్దలు వానలకు ముందే చేసేవారు, ఆ మిద్దెలు ఉన్నవారు ఆ పనిని మానకూడదు. వాగు, వంక పక్కన ఇల్లు ఉన్నవారు బియ్యం, విత్తనం, కాగితాలు నేల మీద ఉంచకండి.

ఆరో పని: వంటగది గ్యాసు, కొళాయి

గ్యాసు గొట్టం ఐఎస్ఐ గుర్తు ఉన్న సురక్షా గొట్టమై ఉండాలి, అయిదేళ్లకు మించి వాడకూడదు. దాని మీద ముద్రించిన సంవత్సరం చూడండి. సిలిండరు తీసుకునేటప్పుడు పైపట్టీ లోపలి వైపు ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం అంకె ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, ఆ వరుసలో పరీక్ష గడువు. గడువు దాటినది వద్దనండి. సీలు చూసి, అక్కడే తూయించండి: ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే సరిపోవాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి 1906కు ఫోన్ చేయండి.

కారే కొళాయి కింద రాత్రి పడుకునే ముందు ఒక బిందె పెట్టి, పొద్దున ఎన్ని నీళ్లు నిండాయో చూస్తే వాషరు మార్చమని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఏడో పని: బండి

ఇది చిన్న పని, అయినా నెలకోసారి తప్పకుండా చేయవలసిన పని. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి. మన రోడ్ల ఎండకు మధ్యాహ్నం కొలిస్తే సరైన అంకె రాదు. చైను వదులు, బ్రేకు, వెనక లైటు, ఇంజను ఆయిలు చూడండి. టైరు గాడుల్లో అరుగుదల గుర్తు పైకి తేలితే, ఇంకో సీజను లాగుదామని అనుకోకండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట వెళ్లేవారికి వెనక లైటు, ఐఎస్ఐ హెల్మెట్ ఏ పాలసీ కంటే ముందు ఉండాలి.

ఎనిమిదో పని: డబ్బు, కాగితాలు, తాళం

ఫోనులో చెల్లింపులకు వాడే బ్యాంకు ఖాతాను వేరుగా పెట్టుకుని, అందులో నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి. పంట అమ్మిన డబ్బు, కూతురి పెళ్లికి దాచిన డబ్బు ఉన్న ఖాతాను ఫోనుకు కలపకండి. ఇంట్లో పెద్దవారికి ఒకే మాట నేర్పండి: డబ్బు పంపేటప్పుడే పిన్ను కొట్టాలి, డబ్బు రావడానికి పిన్నుతో పని లేదు. మోసం జరిగిందని తెలిసిన నిమిషానే 1930కు ఫోన్ చేయాలి, ఎందుకంటే డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఫోను పోతుందని ముందే అనుకుని, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి వచ్చే ఐఎంఈఐ అంకెను, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్యను, పుస్తకంలో రాసుకోండి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీ ద్వారా ఫోనును పనిచేయకుండా చేయించడానికి అది కావాలి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు ఇళ్లతో పాటు కాగితాలూ పోయాయి. పట్టాదారు పాసుపుస్తకం, రిజిస్ట్రేషను దస్తావేజు, పదో తరగతి మార్కుల జాబితా, బీమా పత్రాలు ఒకే జిప్పు సంచిలో వేసి, దాన్ని మూత బిగుతుగా పడే డబ్బాలో పెట్టి, అటకపైన ఉంచండి. అన్నిటికీ ఫోటోలు తీసి, వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర కూడా ఒక ప్రతి ఉంచండి. దస్తావేజులను లామినేషను చేయించకండి, తర్వాత ముద్రలు పరిశీలించడం కష్టమవుతుంది.

ఊరికి వెళ్లేటప్పుడు ఆ సంగతి ఫోనులో స్టేటస్‌గా పెట్టకండి. గేటుకు బయటి నుంచి పెద్ద తాళం వేలాడదీస్తే ఇంట్లో ఎవరూ లేరని చాటినట్టవుతుంది. పాలు, పేపరు ఆపించి, వాకిట్లో రోజూ కల్లాపి చల్లి ముగ్గు వేసే ఏర్పాటు పక్కింటి వారితో చేసుకోండి. ఆంధ్రప్రదేశ్ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్‌లో పేరు నమోదు చేసుకుని అడిగితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు. బంగారం ఇంట్లో ఉంచడం కంటే బ్యాంకు లాకరు మేలు. లాకరులోది దొంగతనం వల్లనో, ఉద్యోగుల మోసం వల్లనో పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే ఉంటుంది కనుక, ఏమేమి పెట్టారో ఫోటోలతో మీ దగ్గర రాసి ఉంచుకోండి.

తొమ్మిదో పని: ఎవరు ఏది చూడాలో రోజు కట్టండి

ఇన్ని తనిఖీలు ఒక్కరే చేయాలంటే ఏదీ జరగదు. ఉగాదికి ఎర్తు గొయ్యి, స్టార్టరు పెట్టె. మృగశిరకు ముందు మిద్దె, తూములు. దసరాకు గ్యాసు గొట్టం, నెలనెలా చూసేది కాక మరోసారి బండి. దీపావళి తర్వాత, కొత్త కాయలు ఇంటికి చేరే వేళకు గూడు, సంచులు. నష్టాల పుస్తకం మొదటి పేజీలో ఈ నాలుగూ రాసి, ఒక్కో దాని ఎదుట ఇంట్లో ఒకరి పేరు రాయండి. బడికి వెళ్లే పిల్లలకు ఆర్‌సీసీబీ బటను, సంచుల అడుగు చూడటం వంటివి అప్పగించవచ్చు, వారు పెద్దలకంటే శ్రద్ధగా చూస్తారు.

పదో పని: ఏ బీమా ఉంచుకోవాలి

మీరు సొంతంగా భరించలేని నష్టం ఏదో దానికే బీమా. బండికి థర్డ్ పార్టీ పాలసీ చట్టం ప్రకారం తప్పనిసరి. మీ బండి వల్ల ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే పడే పరిహారాన్ని సామాన్య కుటుంబం మోయలేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఇస్తున్నారు. ఆ అయిదేళ్లు ఎప్పుడు ముగిశాయో చాలామంది చూసుకోరు, ఇవాళే చూడండి. సంపాదించే మనిషికి జీవిత బీమా, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి ఖర్చుల రక్షణ ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలో మీ కుటుంబం ఉందో లేదో సచివాలయంలో అడిగి తెలుసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు మే నెలాఖరులో ఖాతా నుంచి తీసుకుంటారు. ఆ సమయానికి ఖాతాలో డబ్బు లేక పాలసీ ఆగిపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి మే 20వ తేదీ ఎదుట క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

పంటల బీమా కట్టే వారు ఒక గడువు గుర్తుంచుకోవాలి. ఫసల్ బీమా నిబంధనల ప్రకారం, కోసి చేలో ఆరబెట్టిన పంట తుపాను వల్లనో, అకాల వర్షం వల్లనో తడిసిపోతే, కోసిన 14 రోజుల వరకు రక్షణ ఉంటుంది, అయితే నష్టం జరిగిన 72 గంటల లోపల తెలియజేయాలి. తడిసిన చెట్లను తిరగేయడానికి ముందే ఫోటోలు తీసి, నష్టం తెలియజేయాల్సిన ఫోను నంబరు, పాలసీ నంబరు, సర్వే నంబరు మూడూ నష్టాల పుస్తకం వెనక అట్ట మీద రాసి ఉంచండి. మీరు ఊళ్లో లేకపోయినా ఇంట్లో ఇంకొకరు ఆ ఫోన్ చేయగలగాలి.